తోటపని పాసు

నాజిల్ రంధ్రం ఆవగింజ కంటే చిన్నది. అందులో ఉప్పు పేరుకుంటే నీళ్ళు తుంపరగా రావు, ధారగా కారిపోతాయి. ధారకు దుమ్ము అణగదు. ఈ సంగతి క్రీస్తురాజుకు ఎవరూ చెప్పలేదు, పనిలో దిగిన మొదటి నెలలో తనే కనిపెట్టాడు. పాత సైకిల్ బ్రేకు తీగలోంచి ఒక పోగు లాగి, కొన కొద్దిగా వంచి, రంధ్రంలో పెట్టి మూడు చుట్లు తిప్పితే ఉప్పు పొడిగా రాలుతుంది. గట్టిగా తిప్పితే రంధ్రం పెద్దదై ఆ నాజిల్ ఇక దేనికీ పనికిరాదు. తొమ్మిదేళ్ళలో అతను పాడుచేసినవి రెండే.

సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆ విద్యుత్ కేంద్రంలో బొగ్గు రైలు వచ్చి ఒక పొడవాటి గుంత మీద ఆగుతుంది. వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుంటాయి, బొగ్గు గుంతలో పడుతుంది. గుంత కింద సొరంగం, సొరంగంలో బెల్టు. బెల్టు ఆ బొగ్గును మోసుకుపోయి, చ్యూట్ అనే ఇనుప గొట్టంలోంచి ఇంకో బెల్టు మీద పోస్తుంది. బొగ్గు పడే ప్రతిచోటా దుమ్ము లేస్తుంది. లేచినచోటే దాన్ని తుంపరతో పట్టెయ్యాలని పైపులు వేసి నలభై రెండు నాజిళ్ళు బిగించారు. వాల్వు తిప్పడం, కట్టడం, నాజిళ్ళు మూసుకుపోకుండా చూడడం క్రీస్తురాజు పని. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. గాలిలో మరీ ఎక్కువైతే ఒక్క నిప్పురవ్వకు సొరంగమంతా అంటుకుంటుంది కూడా. గోడ మీద ఈ రెండు ముక్కలూ ఎర్రరంగుతో రాసి ఉంటాయి. వాటి మీద బొగ్గు పేరుకుని సగం అక్షరాలు కనబడవు.

పైనుంచి అరవై ఎనిమిది మెట్లు. గోడల్లోంచి ఉప్పునీళ్ళు చెమర్చుతూ ఉంటాయి. శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజున పైన ఉన్నవాళ్ళంతా పని ఆపి దక్షిణం వైపు చూస్తారు. కింద ఉన్నవాళ్ళకు షిఫ్టు దిగి పైకి వచ్చాక తెలుస్తుంది.

క్రీస్తురాజు మెడలో వేలాడే పాసు మీద 'హార్టికల్చర్' అని ఉంటుంది. అంటే తోటపని.

అది ఎవరూ కావాలని చేసింది కాదు. అతని తండ్రికి ప్రభుత్వం ఇచ్చిన ఎకరన్నర ఇసుక నేల ఉండేది. అందులో సరుగుడు వేసేవాళ్ళు. ఆ నేల విద్యుత్ కేంద్రం బూడిదను వదిలే చెరువు కిందికి పోయింది. నేల పోయిన ఇంటికొక పని ఇస్తామన్నారు. ఇచ్చిన రోజున ఖాళీలు తోటపని కాంట్రాక్టరు దగ్గరే ఉన్నాయి. మూడు నెలలు అతను కాలనీ రోడ్ల పక్కన గన్నేరు మొక్కలు నాటాడు. తర్వాత సొరంగంలో మనుషులు చాలక ఎనిమిది మందిని కిందికి పంపారు. కాంట్రాక్టర్లు నలుగురు మారారు. ప్రతివాడూ పాత జాబితా చూసి కొత్త పాసులు రాశాడు. ఆ ఎనిమిది మందిలో ఇప్పుడు మిగిలింది క్రీస్తురాజు ఒక్కడే. కింద పనిచేసేవాళ్ళు అతన్ని తోటమాలీ అని పిలుస్తారు. ఆ పిలుపుకు అతనూ పలుకుతాడు.

ఇంట్లో ప్రేమలీల కూడా వదిలిపెట్టేది కాదు. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. సాయంత్రం అతని తుండు ఉతుకుతూ అడిగేది.

"ఏమయ్యా, మీ తోటలో ఇయ్యాళ ఏం పూసింది?"

"నల్ల మల్లెలు మే. మూర తెమ్మంటావా?"

"తెచ్చి మీ సూపర్‌వైజరు చెవిలో పెట్టు."

రెండేళ్ళ కిందటి వరకు ఇలాగే సాగింది. తర్వాత అతనికి దగ్గు పట్టుకుంది.

మొదట అతను దాన్ని దగ్గుగా లెక్కచెయ్యలేదు. సొరంగంలో దగ్గనివాడు లేడు. షిఫ్టు మొదట్లో కాంట్రాక్టరు మనిషి ఒక్కొక్కరికి బెల్లం ముక్క ఇస్తాడు. బెల్లం దుమ్మును కడిగేస్తుందని అందరి నమ్మకం. దాన్ని బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ పనిచేస్తారు. మాస్కు పెట్టుకుంటే బెల్లం చప్పరించడానికి ఊపిరాడదు, అందుకని మాస్కు గడ్డం కిందికి దించుకుంటారు. తొమ్మిదేళ్ళు అతను రోజూ అలాగే చేశాడు.

దగ్గు సంగతి అతనికి చర్చిలో అర్థమైంది. వాళ్ళ పాళెం చర్చిలో పాట ఎత్తుకునేది అతనే. ఒక ఆదివారం రెండో చరణంలో ఒక పంక్తి చివరిదాకా ఊపిరి అందలేదు. మధ్యలో ఆగి తీసుకున్నాడు. మరుసటి వారం ఇంకా ముందే ఆగాడు. ఆ తర్వాత గొంతు పట్టేసిందని చెప్పి వెనక బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

ప్రేమలీల బలవంతం మీద ఈఎస్ఐ కార్డు తీసుకుని నెల్లూరు ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏం పని చేస్తావు?"

"బొగ్గు టన్నెల్లో సార్. నీళ్ళ పని."

"ఎన్నాళ్ళుగా?"

"తొమ్మిదేళ్ళు."

డాక్టరు కార్డు తిప్పి చూశాడు. "ఇందులో తోటపని అని ఉందే."

"రాతలో అట్టుండాది సార్. నేను ఉండేది కిందనే."

"దుమ్ము వల్ల వచ్చిన జబ్బే ఇది. నేను చెప్పగలను. మెడికల్ బోర్డుకు పంపితే, పని వల్ల వచ్చిందని వాళ్ళు ఒప్పుకుంటే, నీకూ ఇంటివాళ్ళకూ జీవితాంతం ఆధారం ఉంటుంది. కానీ తోటపని చేసేవాడికి ఊపిరితిత్తుల్లోకి బొగ్గు ఎట్లా పోయిందని వాళ్ళడుగుతారు. నువ్వు ఆ సొరంగంలో పనిచేసినట్టు ఒక్క కాగితం తీసుకురా. ఒక్కటి చాలు."

"ఇది తగ్గదా సార్?"

"ఉన్నది పోదు. కిందికి దిగడం మానేస్తే పెరగకుండా ఉండొచ్చు."

మానేస్తే పాసు పోతుంది. పాసు పోతే కొన్ని నెలలకు కార్డు పోతుంది. కార్డు పోతే ఈ డాక్టరు కూడా ఉండడు. తిరుగు బస్సులో కూర్చుని క్రీస్తురాజు ఈ మూడింటినీ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా మొదటికే వచ్చింది.

కాగితం కోసం అతను వెతకని చోటు లేదు. షిఫ్టు లాగ్‌బుక్కులో 'తుంపరలు పనిచేస్తున్నవి' అని రోజూ ఉంటుంది, కింద సూపర్‌వైజర్ సంతకం ఉంటుంది. వాల్వు తిప్పినవాడి పేరు ఉండదు. హాజరు పట్టీ తోటపని విభాగంలోనే పడుతుంది. పాసు మార్చమని సూపర్‌వైజర్ హరినాథ్‌ను అడిగాడు. హరినాథ్ చెడ్డవాడు కాదు. ముప్పై అయిదేళ్ళవాడు, అతనూ కాంట్రాక్టు మీద పనిచేసేవాడే.

"రాజన్నా, పాసు మార్చాలంటే కొత్తగా మెడికల్ టెస్టు పెడతారు. ఊదే మిషన్‌లో ఊదమంటారు. నువ్వు ఊదగలవా?"

క్రీస్తురాజు మెడలోని పాసును చొక్కా లోపలికి తోసుకున్నాడు.

"ఊదలేకపోతే అన్‌ఫిట్ అంటారు. తోటపనికైతే ఆ టెస్టు లేదు. ఆ పాసే నిన్ను కాపాడుతుండాది. నా మాట విను."

హరినాథ్ చెప్పింది అబద్ధం కాదు. అదే క్రీస్తురాజును ఎక్కువ బాధపెట్టింది.

సెప్టెంబరులో దుమ్ము కొలిచే మనుషులు వస్తున్నారని తెలిసింది. బయటి ల్యాబు వాళ్ళు ఏడాదికొకసారి వస్తారు. అరచేతిలో పట్టే చిన్న పంపును పనివాడి నడుముకు కడతారు. దాని గొట్టం కొసన ఒక బిళ్ళ ఉంటుంది, దాన్ని కాలరుకు తగిలిస్తారు. అతను పీల్చే గాలినే అదీ పీలుస్తూ, లోపలి తెల్లటి కాగితం మీద దుమ్మును పడుతుంది. షిఫ్టంతా కట్టుకుని తిరగాలి. దాని వెంట ఒక పత్రం ఉంటుంది. అందులో మనిషి పేరు, అతను ఎక్కడ పనిచేస్తున్నదీ, ఎన్ని గంటలు అన్నదీ రాస్తారు.

ఎవరు కట్టుకుంటారన్నది ఎప్పుడూ పెద్ద సమస్య కాదు. హరినాథ్ ఒకణ్ణి చూపించేవాడు. అతను పైన పంపుహౌస్‌లో ఫ్యాను కింద కూర్చునేవాడు. ఈసారి చూపించింది చెంగయ్యను. చెంగయ్య జువ్వలదిన్నె మనిషి, చేపలవాళ్ళ ఇంటివాడు. పడవ పని వదిలి రెండేళ్ళ కిందట సొరంగంలో చేరాడు. చ్యూట్ పట్టేసినప్పుడు గడ్డపారతో పొడిచి విడిపించడం అతని పని.

"అది నాకిస్తావా చెంగయ్యా?" అని క్రీస్తురాజు అడిగాడు.

"ఏందన్నా, ఫ్యాను కింద కుర్చీ కావాల్నా? సీనియరువి, తీసుకో. నాకు కూర్చుంటే నిద్రొస్తది, నిద్రొస్తే సముద్రం కలలోకొస్తది."

"నేను కూర్చోను. కట్టుకొని కిందికే పోతా."

చెంగయ్య నవ్వబోయి అతని ముఖం చూసి ఆగాడు. "నీ ఇష్టం అన్నా. నాకు కడుపునొప్పని చెప్తాలే."

కొలతకు ముందురోజు సొరంగమంతా కడిగించారు. క్రీస్తురాజు నలభై రెండు నాజిళ్ళూ తీసి, ఉప్పు దులిపి, మళ్ళీ బిగించాడు. చివరి వరసకు వచ్చేసరికి చేయి ఆగింది. వీటిని ఇంత శుభ్రంగా పెడితే రేపు గాలి శుభ్రంగా ఉంటుంది. అలాంటి కాగితం తీసుకుపోయి బోర్డుకు చూపిస్తే ఏమంటారు? నువ్వు పనిచేసిన చోట దుమ్మే లేదంటారు. నాజిల్‌ను పాడుగా వదిలెయ్యడం మాత్రం చేతకాలేదు. మిగిలినవీ తీశాడు. పేరూ చోటూ ఉంటే చాలు, మిగతాది తర్వాత చూసుకుందామనుకున్నాడు.

ల్యాబు నుంచి వచ్చిన అమ్మాయి పేరు మెర్లిన్. గూడూరు. పాతికేళ్ళుంటాయి. పంపును అతని నడుముకు కట్టి, పాసు చూసి ఆగింది.

"మీది హార్టికల్చర్ కదా అంకుల్?"

"రాత అదే అమ్మా. పని కింద. మీరు నా పాసు చూసి రాస్తారా, నేను నిలబడే చోటు చూసి రాస్తారా?"

పక్కన హరినాథ్ సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

మెర్లిన్ పత్రం చూసింది. "ఉద్యోగం అన్న చోట పాసులో ఉన్నదే రాయాలి. నమూనా తీసిన చోటు అంటే నేను చూసింది రాస్తాను. పన్నెండు గంటలకు ఒకసారి వచ్చి చూస్తాను. అప్పుడు మీరు ఎక్కడుంటే అదే మీ చోటు."

"ఒక కాపీ నాకిస్తారా?"

"అడిగినవాళ్ళకు ఇవ్వాలి. ఇంతవరకు ఎవరూ అడగలేదు." అతని బుగ్గ ఉబ్బి ఉండడం చూసింది. "నోట్లో ఏంటి?"

"బెల్లం అమ్మా. దుమ్ముకు మంచిది."

"బెల్లం పొట్టలోకి పోతుంది అంకుల్. దుమ్ము పోయేది అక్కడికి కాదు కదా." ఆమె చెయ్యి చాపి, గడ్డం కింద ఉన్న అతని మాస్కును చూపించి, వేలు ముక్కు దాకా ఎత్తింది. "ఇది ఇక్కడ ఉండాలి."

అతను బెల్లాన్ని అరచేతిలోకి ఉమ్మి, మాస్కు పైకి లాక్కుని మెట్లు దిగాడు.

పది గంటల దాకా సొరంగం అతను ఎన్నడూ చూడనంత శుభ్రంగా ఉంది. నాజిళ్ళ నుంచి తుంపర పొగమంచులా దిగింది. బెల్టు ఆ చివర ఉన్న చెంగయ్య ముఖం కూడా కనబడింది. అక్కణ్ణుంచే అరిచాడు. "తోటమాలీ! ఏం నీళ్ళన్నా ఇయ్యి, నీ తోట ఇయ్యాళ పచ్చగుండాది!"

రైలులో వచ్చింది వానలో తడిసిన సన్న బొగ్గు. దాని మీద తుంపర పడేసరికి పిండిముద్దలా అయింది. పదిన్నరకు చ్యూట్ మొదటిసారి పట్టేసింది. చెంగయ్య పొడిచి విడిపించాడు. పదకొండుకు మళ్ళీ పట్టేసింది, బెల్టు ఆగింది. పైన యాభై ఎనిమిది వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. గోడకున్న ఫోను మోగింది.

"రాజన్నా, నీళ్ళు కట్టెయ్." హరినాథ్ గొంతు.

తొమ్మిదేళ్ళలో ఈ మాట అతను ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. అన్నిసార్లూ కట్టేశాడు. కట్టకపోతే చెంగయ్యలాంటివాడు చ్యూట్ లోపలికి దిగాలి. పైనుంచి బొగ్గు జారితే బయటికి రాడు. కడితే దుమ్ము. ఈ రెండింటిలో ఏదో ఒకటి అన్నది ఆ సొరంగంలో అందరికీ తెలుసు.

"సార్, మీరు చెప్తే కట్టినానని లాగ్‌బుక్కులో రాయండి."

"ముందు ఆ మిషన్ ఊడదీసి పైన పెట్టు. తర్వాత కట్టు."

"అట్టా అయితే నేను కింద ఉన్నట్టు ఉండదు సార్."

"నాకు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. నువ్వు చేస్తావా, నన్ను దిగమంటావా?"

క్రీస్తురాజు ఫోను పెట్టాడు. చ్యూట్ దగ్గర చెంగయ్య తాడు నడుముకు కట్టుకుంటున్నాడు, లోపలికి దిగడానికి. "ఆగు, దిగొద్దు," అని అరిచి వాల్వు కట్టేశాడు. మిషన్ మాత్రం ఊడదియ్యలేదు. అది నడుము దగ్గర సన్నగా రొద పెడుతూనే ఉంది.

చెంగయ్య బయటినుంచే పొడిచాడు. కొంతసేపటికి చ్యూట్ విడింది. బెల్టు కదిలింది. కింది పొరల్లోంచి పొడి బొగ్గు రావడం మొదలైంది. మొదట దీపాల చుట్టూ వలయాలు కట్టాయి. తర్వాత దీపాలు పోయాయి. చెంగయ్య పోయాడు. తన చెయ్యి తనకు కనబడలేదు. మామూలు రోజు ఇదే. క్రీస్తురాజు వాల్వు పక్కన గోడకు ఆనుకుని నిలబడి, మాస్కులోంచి ఊపిరి తీశాడు. కాలరు దగ్గరి బిళ్ళ కూడా తనతోపాటు పీలుస్తోంది. ఇన్నేళ్ళకు సాక్షి దొరికిందనుకున్నాడు.

పన్నెండుకు మెట్ల మీద టార్చి వెలుతురు కనబడింది. మెర్లిన్ మూడో మలుపు దగ్గర ఆగి, దగ్గుతూ అతని పేరు పెట్టి పిలిచింది. అతను వెతుక్కుంటూ పైకెక్కాడు. ఆమె పంపు నడుస్తున్నదో లేదో చూసి, టార్చి వెలుతురులో పత్రం రాసింది.

"నీళ్ళ తుంపరలు లేవా?"

"లేవు."

"చెడిపోయాయా?"

"లేదమ్మా. బాగుండాయి. వాల్వు కట్టినాము."

"ఎవరు కట్టారు?"

"నేనే."

ఆమె రాసింది. అతనికి అప్పుడు తట్టింది. "కట్టమంటే కట్టినాను. అది కూడా రాయండి."

మెర్లిన్ కాగితాన్ని అటూఇటూ తిప్పింది. "ఎవరు చెప్పారో రాయడానికి ఇందులో గడి లేదు అంకుల్. తుంపరలు పనిచేస్తున్నాయా, లేకపోతే కారణం. అంతే ఉంది."

రెండు గంటలకు పంపు ఆపి బిళ్ళ విప్పినప్పుడు లోపలి తెల్ల కాగితం తారు పూసినట్టుంది. ఆమె ఇచ్చిన కాపీని అతను తడి చేతులతో పట్టుకోకుండా, చెంగయ్య జేబులో పెట్టించి బట్టలు మార్చుకున్నాక తీసుకున్నాడు. ఇంటికెళ్ళాక ప్రేమలీల దాన్ని పైకి చదివింది. పేరు: క్రీస్తురాజు. నమూనా తీసిన చోటు: సొరంగం, బెల్టు పక్కన. సమయం: ఎనిమిది గంటలు. తుంపరలు: లేవు. కారణం: వాల్వును ఆపరేటరు క్రీస్తురాజు మూసివేసినాడు.

ఆమె రెండోసారి చదివి, మడిచి బైబిల్లో పెట్టింది.

పన్నెండు రోజుల తర్వాత ఫలితం వచ్చింది. ఉండదగిన దానికి ఆరింతలు దుమ్ము. హరినాథ్ అతన్ని ఆఫీసు గదికి పిలిచి తలుపు వేశాడు. బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి.

"కూర్చో అన్నా."

మొదటిది నోటీసు. దుమ్మును అణిచే బాధ్యత ఉన్న మనిషే నీళ్ళు కట్టేసి తోటి కార్మికుల ఆరోగ్యానికి ముప్పు తెచ్చినాడని, పాసు నిలిపివేస్తున్నామని అందులో ఉంది. రెండోది అతని పేరుతో టైపు చేసిన ఉత్తరం. కొలత రోజున మిషన్ పొరపాటున నడుము నుంచి జారి బొగ్గులో పడినదని, ఆ సంగతి భయపడి అప్పుడు చెప్పలేదని.

"ఇది సంతకం పెడితే ఆ కొలత రద్దవుతుంది. కొలతే లేకపోతే నోటీసూ లేదు. నిన్ను పైకి మార్చమని నేనడిగినా. తోటలోకి. గాలిలో ఉంటావు. నీ రొమ్ముకు అదే మంచిది."

"నేను కింద ఉన్నట్టు కాగితం?"

"అది ఉంటే నోటీసు కూడా ఉంటుంది కదన్నా." హరినాథ్ అతని వైపు చూడకుండా అన్నాడు. "రెండూ ఒకే కాగితం మీద ఉండాయి. నేనేం చేసేది?"

"ఫోనులో కట్టమంది మీరు సార్."

"నేనే. కాదనలేదు. ఈ గదిలో ఎన్నిసార్లడిగినా అవునంటా. బయట అంటే నా స్థానంలో ఇంకొకడొస్తాడు. వాడు కూడా కట్టమంటాడు."

క్రీస్తురాజు ఒక పూట గడువు అడిగాడు. బయటికొచ్చి పత్రం మీదున్న నంబరుకు ఫోను చేశాడు. మెర్లిన్ ఎత్తింది. అతను ఉత్తరం సంగతి చెప్పాడు.

"మీరు రాసిస్తే ఆ నమూనా చెల్లదు అంకుల్. రాయకపోతే నిలబడుతుంది. నేను చెప్పగలిగింది అంతే." తర్వాత అడిగింది. "నిజంగా పడిందా?"

"ఉంటానమ్మా," అని అతను ఫోను పెట్టేశాడు.

ఇంట్లో ప్రేమలీల బైబిల్లోంచి కాపీ తీసి చాప మీద పెట్టింది. ఇద్దరూ దాని చెరొకవైపు కూర్చున్నారు. కూతురు అబిగయీలు తడ దగ్గర చెప్పుల కంపెనీలో ఉంటుంది, ఆమెకు ఫోను చేద్దామా అని ప్రేమలీల అంది. వద్దన్నాడు.

"సంతకం పెట్టకుంటే?"

"పాసు పోతది. బోర్డు పిలిచేదాకా కార్డు ఉండదు. పిలిచేది ఎప్పుడో. పిలిచినా, నీళ్ళు కట్టింది నువ్వే గదా అంటారు."

"పెడితే?"

"కార్డుంటది. మందులుంటాయి. కాగితం ఉండదు."

ఆమె కాగితాన్ని మళ్ళీ మడిచింది. "మందులుంటే మనిషుంటాడు," అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. వంట మాత్రం చెయ్యలేదు. అక్కడే నిలబడింది.

మరునాడు అతను సంతకం పెట్టాడు.

తోటలో పని నిజంగానే తేలిక. గేటు నుంచి పంపుహౌస్ దాకా రోడ్డుకు రెండు పక్కలా గన్నేరు. కొన్ని తొమ్మిదేళ్ళ కిందట అతను నాటినవే, ఇప్పుడు తలెత్తు దాటాయి. ఉదయం రబ్బరు గొట్టంతో ఆకులు కడగాలి. సాయంత్రానికి మళ్ళీ నల్లబడతాయి. దగ్గు పెరగలేదు, తగ్గలేదు. పాట మాత్రం ఎత్తుకోలేదు.

మొదటి వారంలో చెంగయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. నాజిళ్ళ పని ఇప్పుడతనిదే, గడ్డపారతోపాటు.

"అన్నా, మూడో వరసలో ఒకటి ఎంత తిప్పినా తెరుచుకోలేదు. ఒకసారి రాన్నా."

ఇద్దరూ మెట్ల దగ్గరికి వెళ్ళారు. అక్కడ కొత్తగా పాసు గీసే మిషన్ పెట్టి, పక్కన ఒక గార్డును కూర్చోబెట్టారు. క్రీస్తురాజు పాసు గీస్తే ఎర్రదీపం వెలిగింది.

"తోటపని వాళ్ళకు కిందికి లేదు పెద్దాయనా," అన్నాడు గార్డు.

"తొమ్మిదేళ్ళు నేనీ మెట్లు దిగినా నాయనా."

"ఈ పాసుతోనా?" గార్డు నవ్వాడు. "చెప్పేదానికైనా హద్దుండాల."

క్రీస్తురాజు జేబులోంచి తీగ పోగు తీసి చెంగయ్య చేతిలో పెట్టాడు. "మూడు చుట్లే. గట్టిగా తిప్పమాక."

నవంబరులో ల్యాబు వాళ్ళు మళ్ళీ వచ్చారు, రద్దయిన కొలత బదులు ఇంకొకటి తీసుకోవడానికి. ఆ ఉదయం క్రీస్తురాజుకు పంపుహౌస్ పక్క మొక్కలు పడ్డాయి. గొట్టం లాక్కుంటూ కిటికీ ముందుకు వచ్చాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది. ఎదుటి గోడ మేకుకు చెంగయ్య చొక్కా వేలాడుతోంది. మడతలు పోని శుభ్రమైన చొక్కా. దాని కాలరుకు బిళ్ళ, కింద మేకుకు కట్టిన పంపు. గాలికి చొక్కా చేతులు కొద్దిగా కదులుతున్నాయి. పంపు రొద అతనికి బాగా తెలుసు.

మెట్ల వైపు నడిచి చెవి పెట్టాడు. అరవై ఎనిమిది మెట్ల కింద బెల్టు పోతోంది. నలభై రెండు నాజిళ్ళు తెరిచి ఉంటే బెల్టు చప్పుడు మీద మెత్తటి చప్పుడు ఒకటి పరుచుకుంటుంది. వరసలో రెండు మూసుకుపోయినా అతను చెప్పగలడు. ఇప్పుడు ఆ చప్పుడే లేదు. ఎవరో దగ్గారు.

పన్నెండుకు పది నిమిషాలుండగా మెర్లిన్ అట్టకు బిగించిన పత్రం పట్టుకుని రోడ్డు మీద వచ్చింది. చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. అతన్ని చూసి ఆగింది. పాసు వైపు, చేతిలోని గొట్టం వైపు చూసింది.

"ఇప్పుడిక్కడా అంకుల్?"

"ఇక్కడే అమ్మా."

"ఆరోగ్యం?"

"ఉండాది."

ఆమె పత్రం చూసుకుని, "చెంగయ్య గారు ఎక్కడున్నారు?" అంది.

పంపుహౌస్ తలుపు ఆమెకు ఎడమవైపు, మెట్లు కుడివైపు. ఇంకో అయిదు నిమిషాల్లో చెంగయ్య పైకి వచ్చి, ముఖం కడుక్కుని, ఆ చొక్కా తొడుక్కుంటాడు. లోపల ఉన్నాడమ్మా, వస్తాడు, కూర్చోండి అంటే సరిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు. సాయంత్రం హరినాథ్ పిలవడు. పాసు ఉంటుంది, కార్డు ఉంటుంది. చెంగయ్య కూడా అలాగే కోరుకుంటాడు. అతనికి నెల్లూరు డాక్టరు ఇంకా ఏమీ చెప్పలేదు.

"కింద ఉండాడు," అన్నాడు క్రీస్తురాజు.

"మిషన్‌తోనేనా?"

అతను గొట్టాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మెట్ల కాడ నిలబడండమ్మా. ఇప్పుడు పైకొస్తాడు. మీరే చూస్తారు."

మెర్లిన్ అతని ముఖంలోకి చూసింది. తర్వాత కుడివైపు నడిచి, మెట్ల తల దగ్గర, గార్డు పక్కన నిలబడింది.

క్రీస్తురాజు కిటికీకి వీపు పెట్టి తర్వాతి గన్నేరు దగ్గరికి జరిగాడు. కొళాయి తిప్పాడు. ఆకుల మీద నుంచి నల్లనీళ్ళు కారి అతని చెప్పుల్లోకి వచ్చాయి. కింద బెల్టు ఆగింది. మెట్ల మీద బరువైన అడుగులు పైకి వస్తున్నాయి. ఒక్కొక్క మలుపు దగ్గర ఆగి, దగ్గి, మళ్ళీ ఎక్కుతున్నాయి. అతను తల తిప్పకుండా, అవి ఎన్నో మలుపు దాకా వచ్చాయో లెక్కపెడుతూ నీళ్ళు పట్టాడు.